బంకు వేవిళ్లు

మొగుడు చెన్నప్ప చొక్కా ఉతకడమంటే సిద్దమ్మకు ఈమధ్య కడుపులో తిప్పుతోంది. మాటకు కాదు, నిజంగానే తిప్పుతోంది. బకెట్లో వేసి సబ్బు నీళ్లు పోయగానే పైన రంగురంగుల తెట్టె కడుతుంది. ఆ తెట్టెను చేత్తో తీసి పక్కకు చల్లాలి, మళ్లీ సబ్బు రుద్దాలి, బండకేసి బాదాలి, మళ్లీ ముంచితే మళ్లీ తెట్టె. ఊళ్లోకి నీళ్ల ట్యాంకరు వచ్చేదే దినం మార్చి దినం. వంటకు, గొడ్డుకు, పిల్లల ఒంటికి అని బిందెలు చూసి చూసి వాడుకునే ఇంట్లో ఒక్క చొక్కా ఇన్ని నీళ్లు తాగితే ఎట్లా? ఇంత చేసినా ఆరిన చొక్కా దగ్గరికి పోతే బంకు వాసనే. దాన్ని తొడుక్కుంటూ చెన్నప్ప, "సరిగ్గా ఉతకనే ఉతకవు, చేతుల్లో చేవ లేదేమే?" అంటాడు. చేవ ఎక్కడినుంచి వస్తుంది, ఆ చేతుల చర్మం కాల్చిన వంకాయ తొక్కలా లేచిపోతుంటే!

ఆ పొద్దున ఆ పని మధ్యలోనే వాంతి వచ్చింది. బండ పక్కకు తిరిగి, తాగిన కాఫీ అంతా కక్కేసింది. చెవులు గింగురుమన్నాయి. పంచలో కూర్చుని వక్కాకు నములుతున్న అత్త బయమ్మ దవడ ఆడించడం ఆపింది.

"ఏమ్మే సిద్దీ, నీళ్లు పోసుకున్నావా ఏంది?"

కడుపుతో ఉన్నావా అని అడగడానికి ఆ ఊళ్లో అదే మాట. కొత్త కోడల్ని అడిగితే అది ముద్దు మాట, వెంటనే నోట్లో చక్కెర పోస్తారు. కానీ సిద్దమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టాక ఆపరేషనై ఎన్నో ఏళ్లయింది. ఆపరేషనైన ఆడదాన్ని ఆ మాట అడిగితే దానికి ఇంకో అర్థం ఉంది. ఆ అర్థం అత్త కళ్లల్లో ఉంది, ఆగిన దవడలో ఉంది.

"లేదత్తా. ఈ చొక్కా వాసనకు తిప్పినాది."

"చొక్కా వాసనకు ఎవురన్నా కక్కుతారేమే? వాడు అదే చొక్కా దినమంతా ఏసుకోని తిరుగుతాండాడు గదా, వానికేమయింది?"

సిద్దమ్మ మళ్లీ సబ్బు తీసుకుంది.

కళ్యాణదుర్గం రోడ్డు మీద, వాళ్ల ఊరి మలుపులో ఒక పాత పెట్రోలు బంకు ఉంది. దాని కింద భూమిలో పాతిన డీజిల్ ట్యాంకు ఎప్పుడు తుప్పు పట్టిందో, ఎప్పటినుంచి కారుతోందో ఎవరూ చూడలేదు. మొదట బంకు పక్క టీ అంగడి బోరులో నీళ్లు వాసన కొట్టాయి. టీ అంగడాయన ఏలకులు ఎక్కువ వేసి కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. తర్వాత ఊరి బోరుకూ పాకింది. ఎవడో బకెట్లో నీళ్ల మీది తెట్టెలో గుడ్డ ముంచి అగ్గిపుల్ల గీస్తే భగ్గుమంది. అప్పుడుగానీ ఆఫీసర్లు జీపులేసుకుని రాలేదు. ట్యాంకు పెకలించి తీసేయాలి, చుట్టూ నూనె తాగిన మన్నంతా ఎత్తి దూరంగా పారబోయాలి అని తేల్చారు. ఆ పని ఒక అనంతపురం కంట్రాక్టరుకు దక్కింది. ఆయన తరఫున రాఘవేంద్ర అనే సూపర్‌వైజర్ వచ్చి బంకు గదిలో మంచం వేసుకున్నాడు.

అది రెండువేల మూడు. వానలు వరసగా మొహం చాటేసిన కాలం. వేసిన చెనిక్కాయ విత్తనం కూడా తిరిగి ఇంటికి రాలేదు. అలాంటప్పుడు ఊరి పక్కనే పని దొరికితే వద్దనే మొనగాళ్లెవరు? చెన్నప్ప మేస్త్రీ అయ్యాడు. మొగవాళ్లు గుంతలో తవ్వుతారు. ఆడవాళ్లు వాలుగా చెక్కిన దారిలో దిగి, ఆ మన్ను బాండ్లీలకెత్తుకుని, నెత్తిన పెట్టుకుని, గట్టు మీది ట్రాక్టరు దాకా మోస్తారు.

పని మొదలైన నాడు రాఘవేంద్ర జీపులోంచి ఒక సంచి దించాడు. మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, మోకాళ్ల దాకా బూట్లు, ముక్కుకు కట్టుకునే మాస్కులు. "గుంతలోకి దిగేవాళ్లు వచ్చి తీసుకోండప్పా" అన్నాడు. ఆడవాళ్లూ కదిలారు.

"మీరెక్కడికమ్మా? దిగేవాళ్లకు అంటే మీకు కాదు. మీరు మోసేవాళ్లు గదా."

"మోయాలంటే దిగాల గదా సార్? పైన నిలబడి కొంగు పడితే మన్ను ఎగిరొచ్చి పడతాదా?" అంది లక్ష్మక్క. ఆమె నోటికి సర్పంచి కూడా జంకుతాడు.

"అంటే... తవ్వేవాళ్లకని. అయినా మీ సైజులు లేవమ్మా. ఈసారి తెప్పిస్తాలే."

ఆ 'ఈసారి' రానేలేదు. ఆడవాళ్లు కొంగులు ముక్కుకు చుట్టుకున్నారు. కొంగు దుమ్మునైతే ఆపుతుంది, వాసననేం ఆపుతుంది? నల్లటి జిడ్డు మన్ను బాండ్లీ అంచు మీదుగా కారి, కింద పెట్టుకున్న చుట్టకుదురును తడిపి, జుట్టులోకి దిగి, చెంపల మీదుగా మెడలోకి వచ్చేది. "తలకు నూనె కొనే పని తప్పినాది పోండే!" అని లక్ష్మక్క నవ్వించేది. నవ్వుతూనే మోశారు. కొన్నాళ్లకు దువ్వెన నిండా జుట్టు రాలడం మొదలయ్యాక నవ్వు తగ్గింది.

గుంత ఇంటిదాకా వెంట వచ్చేది. సిద్దమ్మ సంగటి కెలికి ముద్ద చేసి పెడితే కూతురు మౌనిక ముక్కు మూసుకుని, "మా, నీ చేతి ముద్ద బంకు వాసన" అని పళ్లెం పక్కకు నెట్టింది. సిద్దమ్మకు ప్రాణం చివుక్కుమంది. చంటిదాన్నుంచి ఆ చేతి ముద్దే తిని పెరిగిన పిల్ల! దినమంతా గ్లౌజుల్లో ఉండే చెన్నప్ప చేతులకు అంత వాసన లేదు. నువ్వు కలిపి పెట్టు, తింటుంది అంటే ఆయన పెద్దగా నవ్వాడు. "నేను పిల్లకు తినిపించేదేందే? నువ్వే ఇంకోతూరి సబ్బు పెట్టి కడుక్కో" అన్నాడు. ఆమె కడుక్కుంది. కడిగిన కొద్దీ చర్మం పగిలింది, పగుళ్లలోకి వాసన ఇంకా లోతుకు పోయింది.

వాంతులు సిద్దమ్మ ఒక్కదానికే కాదు. కొత్తగా పెళ్లయిన రామాంజినమ్మకు గుంతలోనే కళ్లు తిరిగాయి. వాళ్ల అత్త సంబరపడిపోయి వీధిలో అందరికీ చక్కెర పంచింది. చక్కెర తిన్న నోళ్లు ఆరకముందే రామాంజినమ్మ బయట చేరింది. అప్పుడు ఆ అత్తే, "కడుపు నిలుపుకోలేని దరిద్రం" అని పిల్లను సాధించింది. లేని కడుపును ఎట్లా నిలుపుకోవాలో ఆ పిల్లకు తెలియక ఏడ్చింది.

ఇక సిద్దమ్మ సంగతి. ఒకనాడు గట్టు మీద బాండ్లీ దించి అక్కడే కూలబడి కక్కింది. జీపు పక్కనున్న రాఘవేంద్ర పాపం మంచివాడే, నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. ఆ సీసా ఆమెకంటే ముందు ఇల్లు చేరింది.

"ఆ జీపాయప్ప నీకు సీసా నీళ్లిచ్చినాడంట గదా" అంది బయమ్మ, కోడలు కాళ్లు కడుక్కోకముందే. "ఇంతమంది ఉండంగా నీకే యాల ఇచ్చినాడు?"

"కక్కుతాంటే ఇచ్చినాడత్తా."

"అదే నేనూ అడిగేది. కక్కేది యాల అని."

చెన్నప్ప సంగటి తిని, చేయి కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ గోడతో మాట్లాడినట్టు అన్నాడు: "కొందురికి ఆపరేషను ఫెయిలయితాదంట. అయ్యిండొచ్చు." తువ్వాల భుజాన వేసుకుని, "కాకుంటే నాకు తెల్వదు" అన్నాడు.

ఆ 'నాకు తెల్వదు' సిద్దమ్మ గుండెలో ముల్లులా దిగింది. అత్త నేరుగా తిట్టినా ఇంత నొచ్చుకునేది కాదు. పన్నెండేళ్లుగా పక్కన పడుకున్నవాడు, చెనిక్కాయలు వలిచేటప్పుడు తనకోసం లావు గింజలు ఏరి ఒళ్లో వేసేవాడు, ఇప్పుడు తన భార్య సంగతి తనకు తెల్వదంటాడు. ఆ ఆపరేషనైనా ఎవరు అడిగారు? రెండో కాన్పు కాగానే క్యాంపు పెట్టారని తెలిస్తే, మొగవాళ్లకూ చేస్తారంట, అది చిన్న కోతంట అని ఆమె నోరు తెరిచింది. బయమ్మ చెవులు మూసుకుంది. "మొగోనికి కోత పెడితే ఇంక బరువులెత్తుతాడా? నువ్వయితే ఇంట్లో ఉండేదానివి" అంది. ఇంట్లో ఉండేది! కుట్లు పచ్చిగా ఉండగానే నీళ్ల బిందె ఎత్తింది, ఆ ఏడాదే చెనిక్కాయ మూటలెత్తింది, ఇప్పుడు డీజిల్ మన్ను నెత్తిన మోస్తోంది. బరువులెత్తే మొగవాడు గుంతలో నిలబడి పార పట్టుకుని, "బిర్రన రాండమ్మే" అని తొందరపెడుతూ కేకలేస్తున్నాడు. ఇంతా చేసి సిగ్గుచేటు ఏమిటంటే, వాళ్లందరూ అనగా అనగా సిద్దమ్మకే అనుమానం వచ్చింది. ఆపరేషను నిజంగానే తప్పిందేమోనని మాటిమాటికీ పొత్తికడుపు తడుముకుంది. తన ఒంటి సంగతి తనకంటే ఊరికే బాగా తెలుసేమోనని భయపడింది.

ట్రాక్టరు చెడిపోయి వారంపాటు పని ఆగినప్పుడు ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఆ వారం ఆమె కక్కలేదు. తలనొప్పి లేదు. సంగటి రుచిగా ఉంది. ట్రాక్టరు బాగయి, మళ్లీ గుంతలోకి దిగిన పూటే కడుపు తిరిగింది. కడుపులో బిడ్డయితే ట్రాక్టరుతో పాటు సెలవు తీసుకుంటుందా? ఆ మాటే చెన్నప్పతో అంది.

"అది గుంత గాలి. ఆ గాలి పడక అందరం కక్కుతాండాము."

"మాకు లేదే? మేము దినమంతా గుంతలోనే ఉంటాం గదా. మొగోళ్లకు యాల పడతాది మరి?"

"మీకు మూతికి గుడ్డలుండాయి, చేతులకు తొడుగులుండాయి."

"అబ్బా, చెప్పొచ్చినావులే! పనికి ఒళ్లు వంగక యాష్టయితే యాష్ట అని చెప్పు."

కడకు బయమ్మే ఆమెను వెంటబెట్టుకుని టౌనుకు పోయింది. బస్టాండు వెనక ఉమాదేవి అనే నర్సమ్మ చిన్న క్లినిక్కు పెట్టుకుని ఉంది. గదిలోకి రాగానే ఆమె ముక్కు చిట్లించి, "ఏంటమ్మా ఈ కిరసనాయిలు కంపు? డాక్టరు కాడికి వచ్చేటప్పుడు స్నానం చేసి రావాల" అంది. నెల తప్పిందా అని అడిగింది, ఏం తిన్నావు అని అడిగింది, మీ ఆయన మంచోడేనా అని కూడా అడిగింది. ఏం పని చేస్తున్నావు అని మాత్రం అడగలేదు. అంత కంపు కొడుతున్నా అడగలేదు. కడుపుందేమోనని పరీక్ష చేసి, ఆ చీటీ చెత్తబుట్టలో పడేసి, "ఏమీ లేదు పో" అంది.

ఆ 'ఏమీ లేదు'ను బయమ్మ కొంగున కట్టుకుని బస్సెక్కింది. సిద్దమ్మ అమాయకంగా, పోనీలే, ఇకనైనా నమ్ముతారు అనుకుంది. ఇంటికి రాగానే బయమ్మ కొడుకుతో చెప్పింది: "ఏమీ లేదంట్రా. ఊరికే కక్కుతాంది. పని దొంగేషాలు." చెన్నప్ప మొహం తేటపడింది. "నేను ముందే అనుకున్న్యా" అన్నాడు. అంటే ఇన్నాళ్లూ ఆమె చెడిపోయిన ఆడది, ఇప్పుడు సోమరిపోతు. మధ్యలో రోగమనే మాట ఒకటుందని, అది ఆడదానికి కూడా వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. సిద్దమ్మ ఏడవలేదు. ఆమెకు ఒళ్లంతా కోపం వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు బాండ్లీ ఎత్తింది.

గుంత తవ్వకం ట్యాంకు దాకా వచ్చింది. ట్యాంకును పైకి లాగే ముందు అడుగున పేరుకున్న బురద తోడాలి. నాలుగు దినాలు మూత తీసిపెట్టి గాలి పోనిచ్చి దిగాలని రాఘవేంద్రే అన్నాడు. పొద్దున ఫోను వచ్చింది, కంట్రాక్టరు తొందరపడుతున్నాడు. మధ్యాహ్నానికే మాట మారింది. "బిర్రన దిగి బిర్రన రండప్పా, ఏం కాదు." మేస్త్రీ కాబట్టి చెన్నప్ప ముందు దిగాడు. నడుముకు తాడు, చేతిలో బకెట్టు, మూతికి మాస్కు. మొదటి బకెట్టు పైకి వచ్చింది. రెండోది రాలేదు.

"చెన్నప్పా!" అని పైనుంచి పిలిచారు. పలుకు లేదు. సిద్దమ్మ నెత్తిన ఉన్న బాండ్లీ ఎక్కడ పడిందో ఆమెకే తెలియదు. పరుగెత్తుకొచ్చి తాడు అందుకుంది. బసప్ప అనేవాడు ట్యాంకు మూతిలోంచి దిగబోతుంటే "దిగద్దు! లాగండి, లాగండప్పా!" అని అరిచింది. అందరూ కలిసి లాగితే తల వాల్చేసిన చెన్నప్ప పైకి వచ్చాడు. గట్టు మీద పడుకోబెట్టగానే ఆమె ఆయన మూతికున్న మాస్కు లాగేసింది. దేవుడా, ఈ మనిషి బతికితే చాలు, ఇంకేమీ అడగను అనుకుంది. చెన్నప్ప దగ్గాడు, కళ్లు తెరిచాడు, పక్కకు తిరిగి భళ్లున కక్కాడు. ఆమె తల పట్టుకుంది. కొంగుతో మూతి తుడిచింది.

ఇక చూడాలి హడావుడి! రాఘవేంద్ర జీపు పంపి మజ్జిగ తెప్పించాడు, నిమ్మకాయలు తెప్పించాడు. చెన్నప్పకు సద్ది తెచ్చిన బయమ్మ రొమ్ము బాదుకుంటూ వచ్చి కొంగుతో విసిరింది. "గ్యాస్ తగిలిందమ్మా, గ్యాస్" అన్నాడు రాఘవేంద్ర. "గ్యాసంట, గ్యాసంట" అని గుంతంతా పాకింది. చెన్నప్పవి పని దొంగేషాలని ఒక్కరూ అనలేదు. చెన్నప్ప మజ్జిగ తాగి, లేచి కూర్చుని, నీళ్లతో మొహం కడుక్కున్నాడు. ప్రమాదం తప్పిందని అందరికీ తెలిసింది.

రాఘవేంద్ర చేతులు దులుపుకుని లేచాడు. "మొగోళ్లందరూ పైకి వచ్చేయండి. ఈ పొద్దుకు తవ్వేది వద్దు. ఆడోళ్లు మీరు, వాళ్లు తవ్విపెట్టిన మన్ను ఎత్తేయండమ్మా, ట్రాక్టరు ఖాళీగా ఉండాది. మీకేమీ లేదు గదా."

మీకేమీ లేదు గదా.

సిద్దమ్మ మొగుడి వైపు తిరిగింది. పెళ్లయిన నాటినుంచి 'ఇదో' అని తప్ప ఆయనను పిలిచి ఎరగదు. ఇప్పుడు నడుం మీద చేయి పెట్టుకుని, గట్టు మీద ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు అడిగింది.

"ఏమప్పా చెన్నప్పా, నీళ్లు పోసుకున్నావా? ఎన్నో నెల?"

మొదట లక్ష్మక్క పగలబడి నవ్వింది. తర్వాత రామాంజినమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆడవాళ్లందరూ నవ్వారు. బసప్ప తల తిప్పుకున్నాడు. చెన్నప్ప ఖాళీ మజ్జిగ చెంబులోకి తల వంచుకున్నాడు.

"ఏందే ఆ మాటలు, సచ్చి బతికినాడు వాడు!" బయమ్మ అరిచింది.

"గట్టు మీద అందరి ముందర కక్కినాడు గదత్తా. నర్సమ్మ కాడికి పిల్చుకపోదాం పా. ఏమీ లేదంటే దొంగేషాలని ఇంటికి తెచ్చుకుందాం."

"అట్ల కాదమ్మా" అన్నాడు రాఘవేంద్ర నెమ్మదిగా. "అది గ్యాస్ పని."

"అట్లనా సార్? నాదీ అదే. ఈ పిల్లదీ అదే. మాది కడుపయ్యింది, కడుపు గాకుంటే యేషమయ్యింది. మొగోడు కక్కినాకే గ్యాసయ్యింది." ఆమె పడిపోయిన తన బాండ్లీని వెతికి తెచ్చుకుంది. అందరూ పనికి దిగుతుందనుకున్నారు. దాన్ని గట్టు మీద బోర్లించి, దాని మీద కూర్చుంది. "మా చేతుల సైజు తొడుగులు వచ్చినాక పిలువు. ఈడనే ఉంటాం."

లక్ష్మక్క తన బాండ్లీ బోర్లించింది. వెనకే రామాంజినమ్మ. ఆ తర్వాత మిగతావాళ్లు.

ఆ సాయంత్రం ఇంట్లో చెన్నప్ప అలవాటుగా చొక్కా విప్పి బండ మీద పడేసి, స్నానానికి నీళ్లు తోడుకున్నాడు. బయటికి వచ్చేసరికి చొక్కా అక్కడే ఉంది. సిద్దమ్మ పంచలో కూర్చుని కూతురి జడ వేస్తోంది.

"చొక్కా ఉతకలేదేమే?"

"నీకు తొడుగులుండాయి, నాకు లేవు. నువ్వే ఉతుక్కో."

ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే చెన్నప్ప కూడా గొంతు పెంచేవాడేమో. కాసేపు చొక్కా వంక, కాసేపు భార్య చేతుల వంక చూశాడు. ఆ చేతులను ఆయన ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో. పోయి చూరులో దోపిన గ్లౌజులు తీసి తొడుక్కుని, బండ ముందు గొంతుక్కూర్చున్నాడు. బకెట్లో ముంచగానే రంగురంగుల తెట్టె కట్టింది. ఆ వాసన నేరుగా మొహానికి కొట్టేసరికి ఆయనకు మళ్లీ కడుపులో తిప్పింది. పక్కకు తిరిగి డోక్కున్నాడు.

బయమ్మ దవడ ఆగింది. నోరు తెరిచింది. కోడలి వంక చూసింది. తెరిచిన నోరు మూసుకుని, లేచి, చెంబు తీసుకుపోయి, కొడుకు చేతుల మీద నీళ్లు పోసింది.